నిర్బంధ ఓటు గారికి, ఒక అద్దె ఇంటివాడి విన్నపం

గౌరవనీయులైన నిర్బంధ ఓటు గారికి,

ఒడిశాలోని బరంపురం, లాంజిపల్లి నుంచి ఒక అద్దె ఇంటివాడు నమస్కరించి వ్రాయునది. ఓటెయ్యకపోతే శిక్షించే తమరు దేశమంతటికీ ఇంకా చట్టంగా పుట్టలేదు. అయినా తమరి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లు మా ఊళ్లో వాడకొకరు ఉన్నారు. మొన్న జనవరి 25న ఓటర్ల దినోత్సవం సభలో మైకు అందిన ఒక పెద్దాయన, "ఓటెయ్యనివాడికి రేషన్ కోసెయ్యాలి" అని గర్జించాడు. చప్పట్లు మోగాయి. తర్వాత అందరం చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాం. నేనైతే పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా చేశాను.

ఆ తర్వాత పక్క గదిలో తేలిందేమిటంటే, నేను అసలు ఓటరునే కాను.

బూత్ ఆఫీసరు డ్యూటీలో ఉన్న అంగన్‌వాడీ దీదీ జాబితా తిరగేసి చూపించింది. బడా బజార్ పాత బూత్‌లో, తొలగించిన పేర్ల వరసలో, నా పేరు దగ్గర ఒక్క 'ఎస్' అక్షరం. షిఫ్టెడ్. ఇల్లు మారాడు. నిజమే, మారాను. మారానని ఫారం 8 నింపి చెప్పిందీ నేనే. ఆ మాట పాత బూత్‌లో వెంటనే నమ్మేశారు. కొత్త బూత్‌లో నమ్మలేదు. నివాస రుజువు చాలదట! బడా బజార్‌లో నన్ను ఖాళీ చేయించడానికి సరిపోయిన కాగితం లాంజిపల్లిలో దింపడానికి సరిపోలేదు. ఎన్నికల లెక్క ప్రకారం నేనింకా సామాను ఆటోలో వేసుకుని మధ్యదారిలోనే ఉన్నాను.

కరెంటు బిల్లు ఇంటి ఓనరు పేరున ఉంది. నీళ్ల బిల్లూ అంతే. ఆధార్ మీద పాత అడ్రసే. అది మార్చాలన్నా మళ్లీ అడ్రసు రుజువే కావాలి. సరే, రిజిస్టరు చేయించిన అద్దె ఒప్పందం తెమ్మన్నారు. ఆ మాట చెవిన పడగానే ఓనరు గారు టీ గ్లాసు కింద పెట్టి, "నీ ఓటు కోసం నా ఇల్లు రాసిమ్మంటావేంటి బాబూ?" అన్నారు. అయిదో తారీఖున అద్దె అడిగేటప్పుడు మాత్రం నేను ఇక్కడే కాపురముంటున్నానని ఆయనకు ఏ రుజువూ అక్కర్లేదు. దీదీ పాపం, "కాలి ఆసంతు, ఆజ్ఞా" అంది. రేపు రమ్మని. ఆమెనేం అంటాం? పొద్దున పిల్లల గుడ్ల లెక్క, సాయంత్రం ఓటర్ల లెక్క, రెండూ ఆమె నెత్తినే.

అటు కోరాపుట్ జిల్లా కొఠియాలో చూడండి. ఒడిశాదో ఆంధ్రదో తేలని ఆ ఊళ్లలో చాలామందికి రెండు వైపులా కార్డులున్నాయి. 2024లో మే 13నే రెండు వైపులా పోలింగ్. ఓటెయ్యకపోతే వాళ్లకి తమరు రెండు జరిమానాలు వేస్తారా? పోనీ రెండు చోట్లా వేశారా, ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ కింద రెండూ చెల్లవు. వాళ్లకి రెండు, నాకు సున్నా. సగటు తీస్తే దేశం బాగానే ఉంది.

తమరి పుట్టింటి సంగతీ తెలుసు లెండి. గుజరాత్‌లో స్థానిక ఎన్నికల కోసం 2009లో బిల్లు పెట్టారు, 2014లో గవర్నరు సంతకమైంది, 2015లో హైకోర్టు ఆపేసింది. అదే గుజరాత్‌లో, సూరత్ మరమగ్గాల దగ్గర మా గంజాం జిల్లా కుర్రాళ్లు ఎంతమందో! ఓటు ఇక్కడ, కూలి అక్కడ. పోలింగ్‌కి వస్తే కూలీ పోతుంది, రైలు ఛార్జీ మీద పడుతుంది. రాకపోతే తమరి జరిమానా. రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాతరకి మాత్రం రైల్లో తలుపు దగ్గర నిలబడైనా దిగిపోతారు. రమ్మని వాళ్లకి ఎవరూ నోటీసు పంపలేదు.

ఇంకో మనవి. తమరు కాలు పెట్టాలనుకుంటున్న ఈ ఊరు వి.వి. గిరి గారు పుట్టిన ఊరు. 1969లో పార్టీ మాట పక్కనబెట్టి 'అంతరాత్మ ప్రబోధం' పేరు చెప్పి ఓట్లేస్తే రాష్ట్రపతి అయిన మనిషి. ఓడిన నీలం సంజీవరెడ్డీ మన తెలుగువాడే. బలవంతం గురించి ఇక్కడ ఉపన్యాసాలిచ్చేవాళ్లు కాస్త చూసుకుని మాట్లాడితే బాగుంటుంది.

ఆస్ట్రేలియాలో 1924 నుంచి ఉందిగా అంటారు. ఉంది, ఇరవై డాలర్ల జరిమానా కూడా ఉంది. అక్కడ పేరు నమోదు చేయించుకోవడమూ తప్పనిసరే, ఇల్లు మారితే ప్రభుత్వం దగ్గరున్న వివరాలు చూసి జాబితాలో వాళ్లే సరిదిద్దే ఏర్పాటూ ఉంది. మన లా కమిషన్ 2015లో తమరొద్దని చెప్పింది. మైకు పెద్దాయన అది చదివినట్టు లేదు.

ఇక మర్యాద నావల్ల కాదు. ఓటు వేస్తానని వెంటపడుతున్నవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపేసి, రానివాణ్ణి మెడపట్టి లాక్కొస్తామంటారా? రేషన్ కోస్తారా? ముందు ఆ జాబితా రాసేవాళ్లకి పెట్టండి నిర్బంధం! అద్దెవాడి దగ్గర కాగితం లేకపోతే, ఇంటికొచ్చి తలుపు కొట్టి చూడండి. నేనుంటాను. మా ఆవిడ ఉంటుంది. కుక్కర్ కూత వినబడుతుంది. ఇంకేం కావాలి రుజువు?

విచారిస్తే తెలిసిందేమిటంటే, జాబితాలో లేనివాడికి జరిమానా కూడా పడదట. అంటే తమరి కళ్లకి నేను నేరస్థుడిగా కూడా ఆనను. అందుకే ఈ విన్నపం. తమరు ఎలాగూ వస్తారట కదా, రాగానే మొదటి జరిమానా నోటీసు నాకే పంపించండి. స్పీడ్ పోస్టులో. సర్కారు ముద్రతో. లాంజిపల్లి అడ్రసు, పిన్‌కోడ్‌తో సహా తప్పుల్లేకుండా రాయించండి. కొత్త ఫారం 8కి జత చెయ్యాలి.

ఇట్లు,
మధ్యదారిలో ఉన్న ఓటరు