గద్ద ముక్కు విరిగితే మళ్లీ మొలవదు

మా వాకింగ్ గ్రూపులో ఏటా తిరిగే మెసేజ్ ఈ సంక్రాంతికీ వచ్చింది. గద్ద 70 ఏళ్లు బతుకుతుందట. 40 దాటేసరికి ముక్కు వంకరపోయి, గోళ్లు పట్టు తప్పి, ఈకలు బరువెక్కి వేటాడలేకపోతుందట. అప్పుడు కొండెక్కి, ముక్కును రాతికేసి కొట్టి విరగ్గొట్టుకుంటుందట. కొత్త ముక్కు వచ్చాక దాంతో గోళ్లు, ఈకలు పీకేసుకుంటుందట. 150 రోజులు ఈ బాధ పడితే మరో 30 ఏళ్ల ఆయుష్షట. కష్టాల్లో ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పాలనే పంపుతారు, కాదనను. కానీ గద్ద గురించి చెప్పిందంతా అబద్ధం.

ముందు ఆయుష్షు సంగతి. అమెరికాలో 1977లో కాలికి రింగు వేసి వదిలిన ఒక తెల్లతల గద్ద 2015లో న్యూయార్క్ రాష్ట్రంలో చనిపోయి దొరికింది. వయసు 38 ఏళ్లు. అడవిలో అంతకాలం బతకడమే గొప్ప అని అప్పట్లో వార్తల్లోకెక్కింది. చాలా గద్దపిల్లలు మొదటి ఏడాది కూడా దాటవు.

ఇక ముక్కు. లోపల ఎముక, పైన మన గోరులాంటి తొడుగు. ఆ తొడుగు రోజూ పెరుగుతుంది, రోజూ అరుగుతుంది. డిసెంబర్లో కేబీఆర్ పార్కులో ఆకులు పల్చబడ్డ చెట్టు మీద ఒక డేగ తొండను కాలికింద అదిమిపట్టి తినడం చూశాను. తినడం అయ్యాక ముక్కును కొమ్మకేసి అటోసారి ఇటోసారి రాసింది, కత్తి నూరినట్టు. అలా చాలాసేపు. ముక్కు శుభ్రం కావడం, అరిగి పదునెక్కడం రెండూ అక్కడే జరిగిపోతాయి. ఇందుకు కొండెక్కక్కర్లేదు, 40 ఏళ్లు ఆగక్కర్లేదు.

అదే ఎముకతో సహా విరిగితే కొత్త ముక్కు రాదు. ముక్కు లేని గద్ద మాంసం చీల్చలేదు, ఆకలితో పోతుంది. అసలు ఐదు నెలలు తిండి లేకుండా ఏ గద్ద బతుకుతుంది? గోళ్లూ అంతే. లోపల ఎముక, రక్తనాళాలు ఉంటాయి, పీకితే నెత్తురు కారుతుంది.

ఈకలు రాలి కొత్తవి రావడం మాత్రం నిజం. అయితే అన్నీ ఒకేసారి పోవు, కాస్త కాస్తగా మారతాయి. పెద్ద గద్దలకు రెక్కల ఈకలన్నీ మారడానికి ఏడాది పైనే పడుతుంది. వానాకాలంలో తలెత్తి చూడండి, ఎగిరే నల్ల గద్ద రెండు రెక్కల్లోనూ దాదాపు ఒకే చోట ఈక లేని సందు కనిపిస్తుంది.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కనుమ నాడు మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఒక నల్ల గద్ద పడి ఉంది. రెక్కకు మాంజా బిగుసుకుంది, ముక్కు కొన చిట్లింది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా ఇంకా అమ్ముతూనే ఉన్నారు. పై ఫ్లోర్ అంకుల్ చూసి, "వదిలెయ్యమ్మా, వాటికి కొత్త ముక్కు వచ్చేస్తుంది, మెసేజ్ చూడలేదా?" అన్నారు. ఆయన నమ్మే అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తువ్వాలు కప్పి, రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో పెట్టి, చీకట్లో ఉంచాం. మాంజాను లాగలేదు, నోట్లో నీళ్లు పోయలేదు. అటవీ శాఖకు ఫోన్ చేశాం. వాళ్లొచ్చేదాకా పెట్టె పక్కన కూర్చున్నది అంకులే.