మాట రాని పిల్లాడికి మౌఖిక పరీక్ష

అమెరికాలో పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు ఒక కాగితం ఇస్తారు. మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. మా చెల్లెలు ముత్యాల్లాంటి అక్షరాలతో 'తెలుగు' అని నింపింది. వీసా ఫారాలు నింపి నింపి చేయి తిరిగిన మనిషే, ఇక్కడ దొరికిపోయింది.

ఆ ఒక్క మాటతో మొదలై మా మేనల్లుడి మీద 'ఇంగ్లీష్ లెర్నర్' అని ముద్ర పడింది. వాడికి తొమ్మిదేళ్లు. ఆటిజం. ఏ భాషలోనూ నోరు విప్పి ఒక్క మాట అనడు. అయితేనేం, వాడికి ఇంగ్లీషు రాదన్న రహస్యాన్ని బడివాళ్లు శాస్త్రీయంగా ఛేదించారు.

చట్టం మంచిదే. భాష అర్థంకాని పిల్లల్ని ఊరికే క్లాసులో కూర్చోబెట్టి చదువు చెప్పేశామంటే చెల్లదని శాన్ ఫ్రాన్సిస్కో చైనా పిల్లల కేసులో 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2015 నాటి చట్టం ప్రకారం తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకూ ఏటా ఇంగ్లీషు పరీక్ష పెట్టాలి, వాళ్లకు తగ్గట్టు వేరేగా. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం. వైకల్యం వల్ల ఒక విభాగం బొత్తిగా కుదరకపోతే మిగతావాటితో సరిపెట్టొచ్చని నిబంధనల్లోనే ఉంది. కానీ దానికి మీటింగు కావాలి, సంతకాలు కావాలి. అంతకన్నా పిల్లాణ్ణి అడిగెయ్యడం తేలిక.

అడిగారు. ఫిబ్రవరిలో, తలుపేసి, ఒక్కణ్ణే కూర్చోబెట్టి. టీచరమ్మ బొమ్మ చూపించి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. వాడు లేచి వెళ్లి బీరువా తలుపు సరిగ్గా మూసొచ్చాడు. ఆవిడ మళ్లీ చదివింది. వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని బిస్కెట్లున్న అర దగ్గరికి తీసుకెళ్లాడు. రూలు ప్రకారం ఆవిడ వెనక్కొచ్చి మూడోసారి చదివింది. అప్పుడు వాడు, బొమ్మ నొక్కితే మాట పలికే తన ట్యాబ్ లాక్కుని 'ఆల్ డన్' అని నొక్కాడు. ఆవిడ పేజీ తిప్పింది. 'ఆల్ డన్'. ఇంకో పేజీ. 'ఆల్ డన్, ఆల్ డన్, ఆల్ డన్'. చక్కటి ఇంగ్లీషు, సందర్భశుద్ధి ఉన్న ఇంగ్లీషు. ఆ గదిలో ఆ పూట పలికిన మాటల్లో అర్థమున్నది అదొక్కటే. మార్కుల కాగితం మీద మాత్రం 'స్పందన లేదు'. పాపం, ఆవిడ తప్పేం లేదు. తర్వాత ఇదంతా మాకు చెబుతూ ఆవిడే నవ్వింది.

ఇంతవరకూ నేనూ నవ్వాను. తర్వాత ఒక నిపుణురాలు, పిల్లాడు తికమక పడుతున్నాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అని సలహా ఇచ్చింది. రెండు భాషలు వింటే ఆటిజం పిల్లలకు నష్టమని ఏ పరిశోధన తేల్చిందమ్మా? చేసినవాళ్లలో చాలామంది నష్టం కనబడలేదనే అంటున్నారు. తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చిన మా అమ్మ, సొంత మనవడి దగ్గర 'కమ్, ఈట్' అని రెండు ముక్కలు బట్టీపట్టి, మిగతా రోజంతా నోరు మూసుకుని కూర్చుంది. వాడు ఆ పిలుపుకి తలెత్తలేదు. ఒకరోజు మర్చిపోయి 'నాన్నా, బువ్వ తిందువుగాని రా' అంది. మేడమీద నుంచి పరిగెత్తుకొచ్చి నోరు తెరిచాడు. ఏం, అది వినడం కాదా? అది అర్థం చేసుకోవడం కాదా? వాడికేం రాదో కొలవడానికి ఏటా తీరిక ఉంటుంది, వాడికేం వచ్చో అడగడానికి ఒక్కడికీ ఉండదు!

మొన్న ఫలితాలొచ్చాయి. తల్లిదండ్రులకు అర్థం కావాలని తెలుగులో కూడా పంపారు. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ఏమీ అనలేదు. నాలుగు మడతలు పెట్టి, నూనె మరక పడకుండా ఆవకాయ జాడీ కింద పరిచింది.