పుంటికూర పప్పు, ముందస్తు హెచ్చరిక

నిజాంపేటలోని మా అపార్టుమెంటులో కొన్ని కుటుంబాలవారు కలిసి ఒక వంటల బృందాన్ని నడుపుతున్నారు. పద్ధతి సులువైనదే. వారానికొకరు తమ ఇంటి వంటకాన్ని కొలతలతో సహా గ్రూపులో పెడతారు. ఆదివారం అందరూ అదే వండి, గిన్నెలు పట్టుకొని మేడమీదికి చేరి, ఒకరిది ఒకరు రుచి చూస్తారు. శనివారం నాడే వండి చూసే బాధ్యత మాత్రం వంతులవారీగా ఒక ఇంటికి పడుతుంది. కొలతల్లో తేడా ఉన్నా, ఎక్కడైనా అడుగంటేలా ఉన్నా, మిగిలినవారు పొయ్యి వెలిగించకముందే ఆ ఇంటివారు చెప్పాలన్నది నియమం.

నియమం బాగానే ఉంది గాని, అమలు చేయవలసినవారు మనవాళ్లు. ఎదుటివారి అబ్బాయికి లెక్కల్లో తక్కువ మార్కులు వచ్చాయని ముఖంమీదే అనగలిగినవారు సైతం, వారి చారులో ఉప్పెక్కువైందని చెప్పడానికి జంకుతారు. అందువల్ల మా గ్రూపులో హెచ్చరికలన్నీ ప్రశంసల వేషంలోనే వస్తాయి. “కారం ఇష్టపడేవారికి చాలా బాగుంటుంది” అని వస్తే, నీళ్ల చెంబు పక్కన పెట్టుకోవాలి. “కాస్త ఓపిక ఉండాలి గాని అద్భుతంగా వస్తుంది” అంటే ఆ పూటకు మరే పనీ పెట్టుకోకూడదు. “మా ఇంట్లో ఒక్క ముక్క కూడా మిగలలేదండీ” అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైనది; ముక్కలు కడుపులోకి పోయాయో, చెత్తబుట్టలోకి పోయాయో అందులో ఉండదు.

పొగడ్త లేకుండా వచ్చిన హెచ్చరిక కూడా ఒకటి ఉంది. బగారా బైంగన్ వారంలో “నువ్వులు జాగ్రత్త” అని రెండే మాటలు వచ్చాయి. పల్లీలు, ఎండుకొబ్బరి, నువ్వులు విడివిడిగా వేయించాలని, పల్లీలతోపాటే బాణలిలో వేస్తే నువ్వులు ముందుగా మాడి మసాలా మొత్తం చేదెక్కుతుందని దాని భావం. చదివినవారిలో ఒకరు నువ్వుల్లో రాళ్లుంటాయేమోనని గంటసేపు చేటలో చెరిగి, ఒక్క రాయి కూడా లేదని నిర్ధారించుకొని, తృప్తిగా పల్లీలతోపాటే బాణలిలో పోశారు. నన్నడిగితే, ఏ దశలో ఏది చెడుతుందో, చెడకుండా ఏం చేయాలో చెప్పాలి. వంటకం చెప్పినవారి గొప్పతనం భోజనాలయ్యాక కొనియాడినా సరిపోతుంది. అయితే నన్నెవరూ అడగలేదు.

ఇక పుంటికూర, అంటే గోంగూర, పప్పు సంగతి. మూడో అంతస్తు కోడలుగారి అత్తగారు నల్లకుంటలో ఉంటారు. ఆమె కూడా ఫోను ద్వారా మా బృందంలో సభ్యురాలే. ఆమె పంపిన వంటకంలో కందిపప్పు, పుంటికూర, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసి, నాలుగు విజిల్స్ రానిచ్చి, మెదిపి, వెల్లుల్లి పోపు పెట్టమని ఉంది. ఆమె ఇంట్లో అది ఏళ్ల తరబడి వెన్నలా ఉడుకుతున్నమాట వాస్తవం. కారణం ఆమె ఇంటి నల్లా నీళ్లు. అవి నేడు కృష్ణ నుంచి వచ్చినా, గోదావరి నుంచి వచ్చినా ఆమె దృష్టిలో గండిపేట నీళ్లే. (1908లో మూసీ హైదరాబాదును ముంచిన తరువాత గాని వరదను అడ్డుకునే ఆ గండిపేట చెరువు 1920కి సిద్ధం కాలేదు, ముందస్తు హెచ్చరికల విషయంలో మన నగరానిది మొదటినుంచీ ఇదే తీరు.) మా అపార్టుమెంటుకు మాత్రం బోరు నీళ్లే గతి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజను మెత్తబడనివ్వవు. పుంటికూరలోని పులుపు కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. ఈ రెండూ ఒకే కుక్కర్లో చేరితే ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు గింజ గింజగానే మిగులుతుంది.

ఆ వారం శనివారపు వంతు, విధి లిఖితం కాబోలు, కోడలుగారికే పడింది. ఆమెకు పప్పు ఉడకలేదు. ఆ సంగతి అత్తగారు చదువుతున్న గ్రూపులోనే రాయాలి. చాలాసేపు ఆలోచించి ఆమె ఇలా రాశారు: “అత్తమ్మ చేతి రుచి నాకు రాలేదండీ. లోపం వంటకంలో లేదు, నా చేతిలోనే ఉంది. మీరందరూ అత్తమ్మ చెప్పినట్టే చేయండి.” మొదటి వాక్యంలో ఉన్న కాస్త హెచ్చరికనూ మూడో వాక్యం మింగేసింది. వెంటనే దండాల బొమ్మలు వరుసకట్టాయి. ఈ కాలంలో ఇంత వినయమున్న కోడళ్లు ఎక్కడున్నారమ్మా అని ఒక పెద్దావిడ మురిసిపోయారు. “నేర్చుకుంటది, తొందరేమున్నది” అని నల్లకుంట నుంచి సమాధానం వచ్చింది.

మా భవనంలో వంటగదులన్నీ ఒకే డక్టులోకి తెరుచుకుంటాయి గనుక, ఎవరి కుక్కరు ఎన్నిసార్లు కూసిందో అందరికీ వినబడుతుంది. ఆదివారం పదకొండు గంటలకు అన్ని అంతస్తుల్లోనూ నాలుగేసి విజిల్స్ పూర్తయ్యాయి. ఆవిరి పోయి మూతలు తీసేంతవరకు నిశ్శబ్దం. ఆ తరువాత మొదటి అంతస్తులో అయిదో విజిల్ వినిపించింది. దానికి జవాబన్నట్టు నాలుగో అంతస్తులో ఒకటి, ఎదురు ఫ్లాటులో మరొకటి. పన్నెండు దాటేసరికి తొమ్మిదో విజిల్ కూడా దాటిన ఇళ్లున్నాయి. పక్కింటి పప్పు ఉడకలేదని ప్రతి ఇంటికీ తెలుసు, తమ పప్పు ఉడకలేదని పక్కింటికి తెలుసునని కూడా తెలుసు. అయినా ఎవరూ కిటికీలోంచి ఒక్క మాట అడగలేదు. అడిగితే అత్తగారి వంటకాన్ని శంకించినట్టవుతుంది.

ఆమె ఆ రోజు ముఖ్య అతిథిగా మేడమీదికి వచ్చి, మొదటి గిన్నెలోంచి ఒక చెంచా నోట్లో వేసుకొని, “పప్పు ఉడకలే” అన్నారు. రెండో గిన్నె చూశారు, మూడోది చూశారు. “గీ బోరు నీళ్లతోని పప్పూ పుంటికూరా కలిపి పెడితె ఎట్ల ఉడుకుతది? పప్పు అలగ్ ఉడకబెట్టి, తర్వాత కూర కలపాలె” అని, కోడలివైపు తిరిగి, “నిన్ననే వండినవు గద, జెర జెప్పకపోయినవా?” అని అడిగారు. కోడలుగారు ఫోను తీసి తన సందేశాన్ని చూపించారు. అందులో హెచ్చరిక ఉందా లేదా అన్న చర్చ గిన్నెలు చల్లారేదాకా సాగింది. చివరికి మనుషుల ఊసు లేకుండా చేయవలసిన పని మాత్రమే రాయాలని, అదీ శనివారం కాదు, గురువారానికే రాయాలని తీర్మానమైంది.

మరుసటి వారం ఖుబానీ కా మీఠా, అంటే ఎండు ఆప్రికాట్లతో చేసే తీపి. తీర్మానం ప్రకారం గురువారం సాయంత్రమే సందేశం వచ్చింది: “ఖుబానీలు తప్పకుండా ముందే నానబెట్టండి. ఆ నీళ్లు పారబోయకండి.” ఒక రాత్రి నానితే చాలునన్న సంగతి అందులో లేదు. రెండో అంతస్తువారు నియమం తప్పని మనుషులు గనుక ఆ రాత్రే నానబెట్టి, ఏప్రిల్ ఎండల్లో ఆదివారం దాకా ఆ గిన్నెను వంటగట్టు మీదే ఉంచారు. ఆదివారం ఉదయం మూత తీసిన మరుక్షణమే ఎదురింటివారి నుంచి హెచ్చరిక వెలువడింది. అందులో ప్రశంస ఒక్కటి కూడా లేదు.