పంచాయతీ ఖాతా కోట

దేవనహళ్ళి దాటాక, ద్రాక్షతోటలు పోయి లేఅవుట్ బోర్డులు మొలిచిన చోట, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే కోట ఒకటి వెలిసింది. ఊరికే వెలిసిందంటే కళ్ళు పోతాయి. దానికి చరిత్ర ఉంది. నున్నటి కాగితం మీద, బంగారు అక్షరాల్లో అచ్చేసిన చరిత్ర. ఈమధ్య బెంగళూరులో మనవాళ్ళింట్లో కాస్త ఘనంగా పెళ్ళి జరిగిందంటే శుభలేఖ వెనకాలే ఈ చరిత్ర కూడా వాట్సాప్‌లో వచ్చి పడుతోంది. ముహూర్తం ఎన్నింటికో వెతుక్కోవాలి గానీ, కోట సంగతి మొదటి పేజీలోనే ఉంటుంది: "యూరోపియన్ రాజసం, దక్కను ఆత్మ."

దక్కను ఆత్మ అంటే బోరుబావి. ఒక పెళ్ళికి వెళ్ళాక తెలిసింది.

కట్టినాయనది గ్రానైట్ క్వారీ. ఇందులో ఎగతాళి చేయడానికేమీ లేదు, ఇంగ్లండులోనూ ఇదే వరస. కిరాణా దుకాణాల మీద గడించి 33 ఏళ్ళకే వ్యాపారం చాలించుకున్న జూలియస్ డ్రూ అనే పెద్దమనిషికి, "తమరు నార్మన్ ప్రభువు డ్రోగో వంశంవారు" అని ఒక వంశవృక్షాల పండితుడు సెలవిచ్చాడు. చింతపండు తూచిన చేతులకి అంతకంటే ఏం కావాలి? డెవన్ పల్లెల్లో, తన పూర్వీకులదని నమ్మిన గడ్డ మీద, 1911లో కోటకి శంకుస్థాపన చేశాడు. ప్లాను గీసింది ఎడ్విన్ లుటియన్స్, మన రాష్ట్రపతి భవన్ గీసిన చెయ్యే. ఇరవై ఏళ్ళు కట్టారు. మొదట అనుకున్నదాంట్లో మూడోవంతు దగ్గర ఆగిపోయింది. మధ్యలో పెద్దకొడుకు 1917లో యుద్ధంలో పోయాడు. పని పూర్తయిన మరుసటి ఏడే, 1931లో, డ్రూ కూడా పోయాడు. చదును కప్పు మీద వేసిన తారు మాత్రం మొదటి నుంచీ కారుతూనే ఉంది. పాపం, అక్కడి పాత కట్టడాలు చూసుకునే నేషనల్ ట్రస్ట్ వారు ఈమధ్యే కోటికి పైగా పౌండ్లు పోసి ఆ కారుడు ఆపుకున్నారు. కాసిల్ డ్రోగో అంటారు దాన్ని. ఇంగ్లండులో కట్టిన చివరి కోట అదేనట.

వాళ్ళు ఆపారు. మనం అందుకున్నాం.

అందుకోవడంలో మనం ఒక మెట్టు పైనే ఉన్నాం. మధ్యయుగాల్లో అక్కడి ప్రభువులు ఇంటి గోడల మీద కోటలకుండే పంటివరస లాంటి గంట్లు పెట్టుకోవడానికి రాజుగారి దగ్గర లైసెన్సు తీసుకునేవారు. మన కోటకి పొలాన్ని కట్టడాల స్థలంగా మార్చే కన్వర్షన్ కూడా అయినట్టు లేదు. పంచాయతీ ఖాతా, అంటే ఊరి పంచాయతీ ఇచ్చిన ఆస్తి కాగితం, ఒక్కదాని మీద నాలుగు బురుజులు లేపిన ధైర్యం ఏ నార్మన్ ప్రభువుకుంది? పద్దెనిమిదో శతాబ్దంలో హోరేస్ వాల్పోల్ అనే ఇంగ్లీషు రచయిత తన ఉత్తుత్తి కోటలో పైకప్పు నగిషీలు కాగితపు గుజ్జుతో చేయించాడని అక్కడివాళ్ళు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. మనది పీవోపీ. దాని మీద రాతిరంగు పెయింటు.

ఇక చరిత్ర పుస్తకంలో మూడో పేజీ. మన కోట "బెంగళూరు ప్యాలెస్‌కి సోదరి" అట. ఆ ప్యాలెస్ ఆస్తి గ్యారెట్ అనే బడి ప్రిన్సిపాల్‌ది. మైసూరు రాజు చామరాజేంద్ర ఒడయారు ఇంకా పసివాడుగా ఉండగా, 1873లో, ఆయన కోసం నలభై వేలకి కొన్నారు. ఆ రోజుల్లో అదంతా ఊరి బయటే. అప్పటి నుంచి ఈ చెల్లెలు ఎక్కడ పెరిగిందో పుస్తకం చెప్పదు.

పుస్తకం పక్కన పెట్టండి, వంతెన సంగతి చెప్పాలి. కోట చుట్టూ అగడ్త ఉంది, ట్యాంకరు నీళ్ళతో నింపుతారు. దాని మీద పైకి లేచే వంతెన, మోటారుతో నడుస్తుంది. మగపెళ్ళివారు గుర్రంతో, బ్యాండుతో దిగేసరికి వంతెన సగం లేచి ఉంది, కరెంటు పోయింది. లోపల ఆడపెళ్ళివారు, బయట మగపెళ్ళివారు, మధ్యలో దోమలు. బురుజు మీంచి పెళ్ళికూతురి తండ్రి చేతులు జోడిస్తున్నాడు. ఇవతలి గట్టు మీద పెళ్ళికొడుకు మేనమామ, "ఎదురుకోలంటే ఇదా అండీ?" అని అరుస్తున్నాడు. బాణాలు వేసే సందులన్నిట్లో ఏసీ డబ్బాలు బిగించి ఉన్నాయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏమయ్యేదో. జనరేటర్ ఏదంటే చెరసాలలో ఉందన్నారు. చెరసాల తాళంచెవి ఏదంటే మేనేజరు దగ్గరన్నారు. మేనేజరు ఏడంటే మాతోపాటు అగడ్తకి ఇవతలే ఉన్నాడు, ఇనపకవచం తొడుక్కున్న వాచ్‌మన్ పక్కన. ఆ కవచంలోంచి ఫోను తీయడానికి ఆ కుర్రాడు పడ్డ పాట్లు నేను చచ్చినా మరచిపోను. పురోహితుడు తెల్లవారుజామునే కూరగాయల వ్యానులో లోపలికి చేరిపోయాడు, ఎంతైనా అనుభవజ్ఞుడు. చివరికి పెళ్ళికొడుకు కూడా అదే దారిన, వంటవాళ్ళ గేటులోంచి, గంగాళాల మధ్య తలపాగా పట్టుకుని నడిచి పీటల మీదికి వెళ్ళాడు. పక్కనున్న మా బావమరిది మెల్లగా, "బావా, కోట అంటే ఇట్లానే ఉంటది, సెక్యూరిటీ" అన్నాడు.

ఆ వంటగేటు దారిలోనే, ఎంగిలి ప్లేట్లు తోమేచోట, ఒక రాయి కనబడింది. బోర్లా పడి లేదు, శుభ్రంగానే కనబడుతోంది: కత్తి ఎత్తిన మనిషి, పైన అతన్ని తీసుకుపోతున్న అప్సరసలు. వీరగల్లు, అంటే పోరాడి చచ్చిన వీరుడికి నిలబెట్టిన రాయి. అగడ్త తవ్వుతుంటే జేసీబీకి తగిలిందట. దాని మీద సబ్బు డబ్బా, పీచు.

ఇక్కడ నాకు నవ్వు రాలేదు. ఈ ఊరిని దక్కను ఆత్మ అని అమ్ముతారు, ఆ ఆత్మ మీద గిన్నెలు తోముతారు! బెంగళూరు హెబ్బాళ్‌లో 2018లో మట్టి తవ్వుతుంటే కిట్టయ్య వీరగల్లు బయటపడింది. సుమారు క్రీ.శ. 750 నాటిది, గంగవంశపు రాజు శ్రీపురుషుడి కాలం. దండెత్తి వచ్చినవాళ్ళతో పోరాడి చచ్చిపోయిన మనిషికి, ఊళ్ళోవాళ్ళూ శాసనాల పిచ్చి ఉన్న కొందరూ పూనుకుంటే గానీ నీడ దొరకలేదు. 'బెంగళూరు' అన్న పేరున్న శాసనం, సుమారు 890 నాటిది, బేగూరు గుడి ఆవరణలో ఏళ్ళ తరబడి పట్టించుకునే దిక్కు లేక పడి ఉండేది. బి.ఎల్. రైస్ అనే దొర 1905లోనే బెంగళూరు జిల్లాలో అప్పటికి దొరికిన శాసనాలు సంపుటంగా అచ్చేసి పోయాడు. వాటిలో ఎన్ని రాళ్ళు ఏ అపార్టుమెంటు పునాదిలో ఉన్నాయో! ఏ రాజూ కాని మామూలు మనిషి ఊరి కోసం చస్తే, చదువురాని పల్లె రాయి చెక్కించి నిలబెట్టింది. చదువుకున్న మనం జేసీబీ పెట్టి పెకలించి, ఆ గోతిలో ట్యాంకరు నీళ్ళు పోసి, రాజవంశాన్ని గంటల లెక్కన అద్దెకి తీసుకుంటున్నాం. సిగ్గుండాలి. అక్కడికి దగ్గర్లోనే దేవనహళ్ళి అసలు కోట ఉంది, 1791లో ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాను మీద యుద్ధంలో పట్టుకున్నది. పెళ్ళివాళ్ళలో ఒక్కరైనా అటు తొంగిచూశారా? దానికి పార్కింగ్ లేదట.

మేనేజర్ని నిలదీశాను. "రిసెప్షన్‌లో పెట్టాలని ఓనర్‌గారు అనుకున్నారు సార్. డిజైనర్ ఒప్పుకోలేదు, కాన్సెప్ట్‌కి మ్యాచ్ అవదన్నారు" అన్నాడు.

బిల్లులో హెరిటేజ్ చార్జి అని ఒక లైను ఉంది. దాని మీద జీఎస్టీ వేరే. పెళ్ళికూతురి తండ్రి మారుమాట లేకుండా కట్టాడు. వంతెన మరమ్మతుకి డిపాజిట్‌లోంచి కోశారు.