ఆకుపచ్చ కుక్కపిల్ల పుడితే అడగాల్సింది తల్లి గురించి

మన జిల్లా పేజీల్లో వింత వార్తకు ఎప్పుడూ ఒక మూల ఖాళీగానే ఉంటుంది. దేవరకొండలోనో నారాయణపేటలోనో ఒక కుక్కకు ఆకుపచ్చ పిల్ల పుట్టిందనుకోండి, పొద్దుగూకేలోపు ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. అరిష్టమని ఒకరు, ఫొటోషాప్ అని ఇంకొకరు. పశువైద్యుడికి ఫోన్ చేసేవాళ్లే కరువు. చేస్తే ఆయనకు రెండు నిమిషాల పని.

కడుపులోని పిల్లకు తల్లి నుంచి ఆహారం అందించే మాయ అంచుల్లో, కుక్కల్లో కొంత రక్తం నిలుస్తుంది. అది విరిగి బిలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థంగా మారుతుంది. మనకు దెబ్బ తగిలి కమిలిన చోట నాలుగు రోజులకు ఆకుపచ్చ ఛాయ వస్తుందే, అది కూడా దీనివల్లే. ఇది ఉమ్మనీటిలో కలిస్తే పిల్ల బొచ్చుకు రంగు పడుతుంది. తెల్ల పిల్ల అయితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పక్కనున్న నల్ల పిల్లకు అంటినా ఎవరికీ తెలియదు. 2020 జనవరిలో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక తెల్ల జర్మన్ షెపర్డ్‌కు ఇలాంటి పిల్ల పుడితే హల్క్ అని పేరు పెట్టారు. అదే ఏడాది ఇటలీలోని సార్డీనియాలో పుట్టిన దానికి పిస్తా అని పెట్టారు. పేర్లు బాగానే కుదిరాయి గానీ ఆ రంగు ఉండేది కొన్నాళ్లే. తల్లి నాకుతుంటే, బొచ్చు పెరుగుతుంటే అదే పోతుంది.

ఆ ఓపిక లేక సబ్బు పెట్టి కడగడమే అసలు ప్రమాదం. పుట్టిన కొత్తలో కుక్కపిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి పొట్టకు అంటుకుని పడుకోవడమే దానికి దుప్పటి. తడిపి, ఆరుబయట పెట్టి, సెల్ఫీల కోసం చేతులు మార్చారంటే చల్లబడిపోతుంది. చల్లబడిన పిల్ల పాలు కూడా సరిగా తాగదు. తర్వాత అది చనిపోతే 'చూశారా, చెప్పాం కదా' అనేవాళ్లు ఎలాగూ ఉంటారు.

ఒకే ఈతలో ఎరుపు, నలుపు, మచ్చల పిల్లలు పుట్టడమైతే వింతే కాదు. వీధికుక్క ఒకే ఎదలో ఇద్దరు ముగ్గురు మగకుక్కలతో కలిసినప్పుడు పిల్లల తండ్రులు వేరువేరుగా ఉండొచ్చు.

రంగు నిజంగా వార్త కావాల్సిన సందర్భం వేరే ఉంది. 2017లో నవీ ముంబై దగ్గర తలోజా పారిశ్రామిక వాడలో పెద్ద కుక్కలు నీలంగా మారాయి. కాసాడి నదిలోకి వదిలిన రంగునీళ్లే కారణమని తేలాక అక్కడ ఒక ఫ్యాక్టరీని మూయించారు. చౌటుప్పల్ వైపో జడ్చర్ల వైపో కంపెనీల పక్కన తిరిగే ఎదిగిన కుక్క రంగు మారితే మాత్రం నేను వదలొద్దంటాను. అప్పుడు ప్రశ్న కుక్కది కాదు, నీళ్లది.

ఇక తల్లి సంగతి. బర్రె ఈనితే మన దగ్గర మొదట వినిపించే మాట 'మాయ పడ్డదా?' అని. కుక్క దగ్గరకొచ్చేసరికి ఆ ధ్యాసే ఉండదు. పిల్ల మీద కనిపించిన ఆకుపచ్చే తల్లి నుంచి కారే ద్రవంలోనూ కనిపిస్తుంది, అది ఎప్పుడు కనిపించిందన్నదే ముఖ్యం. మొదటి పిల్ల పుట్టాక కారితే మామూలే. ఒక్క పిల్లా పుట్టకముందే ఆకుపచ్చగా కారిందంటే లోపల మాయ విడిపోతోందని అర్థం. ఆ తర్వాత కూడా ఒకటి రెండు గంటల్లో కాన్పు కాకపోతే పిల్లలు లోపలే చనిపోవచ్చు, తల్లికీ ప్రమాదమే. అప్పుడు తెల్లారనిద్దాం అనుకోకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి. కాన్పయ్యాక కూడా కారేది కుళ్లు వాసన వేస్తున్నా, తల్లి తిండి మానేసి పిల్లల్ని దగ్గరకు రానివ్వకపోయినా గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించాలి. ఫొటో తీసిన వాళ్లలో ఒక్కరైనా ఆటో మాట్లాడితే చాలు.