సవరణ: టాంగ్ పుర్రె దొరికింది స్టెర్క్‌ఫాంటైన్‌లో కాదు

జొహాన్నెస్‌బర్గ్ నుంచి ఒక్కరోజు ట్రిప్ గురించిన మా పోస్టులో, మానవ పూర్వీకుల శిలాజమైన టాంగ్ పసిబిడ్డ పుర్రె ఆ నగరం దగ్గరి స్టెర్క్‌ఫాంటైన్ గుహల్లో దొరికిందనీ, గుహలూ మారోపెంగ్ మ్యూజియమూ ఒకే ఆవరణలో ఉంటాయనీ రాశాం. రెండూ తప్పే, పొరపాటు మాదే.

యునెస్కో వివరాల్లో చూస్తే తేడా తెలిసింది. రెండు చోట్లూ ఒకే వారసత్వ జాబితాలో ఉన్నాయి: స్టెర్క్‌ఫాంటైన్ 1999లో, టాంగ్ 2005లో చేరాయి. టాంగ్ పుర్రె 1924లో స్టెర్క్‌ఫాంటైన్‌కు 300 కి.మీ. పైన దూరంలో, టాంగ్ అనే ఊరి దగ్గరి సున్నపురాయి క్వారీలో బయటపడింది. స్టెర్క్‌ఫాంటైన్‌లో 1947లో దొరికింది మిసెస్ ప్లెస్ అని పిలిచే మరో మానవ పూర్వీకుల పుర్రె. ఆ మిసెస్ ప్లెస్ అసలు పుర్రె ప్రిటోరియా మ్యూజియంలో ఉంది, గుహలో వెతక్కండి.

గుహల నుంచి మారోపెంగ్ సుమారు 10 కి.మీ., బండి కావాల్సిందే. రైనో అండ్ లయన్ పార్కులోని వండర్ కేవ్ స్టెర్క్‌ఫాంటైన్ కాదు, వేరే గుహ. అక్కడ చూడాల్సింది పైకప్పు నుంచి మర్రి ఊడల్లా దిగిన సున్నపు ధారలు.