స్పిల్‌విల్‌లో ఒక వేసవి

1893 వేసవి సెలవుల్లో చెక్ సంగీతకర్త ఆంటొనీన్ ద్వోర్జాక్ న్యూయార్క్ నుంచి రైలెక్కి అయోవా రాష్ట్రంలోని స్పిల్‌విల్ అనే చిన్న ఊరికి వెళ్లారు. ఆ ఊరినిండా చెక్ రైతులే. అంతకు ముందు సంవత్సరం న్యూయార్క్‌లోని సంగీత కళాశాల నేషనల్ కన్సర్వేటరీ ఏడాదికి 15,000 డాలర్లు ఇస్తామంటే అమెరికా వచ్చారాయన. అమెరికా వచ్చిన మన తెలుగువాళ్లలో చాలామందిలాగే జీతం చూసుకుని వచ్చారు, అందులో తప్పేం లేదు. ఆరుగురు పిల్లల్లో నలుగురిని ఇంటి దగ్గరే వదిలి వచ్చారు. ఆ బెంగ ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ వేసవికి పిల్లలంతా వచ్చేశారు.

స్పిల్‌విల్ చర్చిలో పొద్దున్నే ఆర్గన్ వాయించేవారు. వీధిలోకెళ్తే అంతా తన భాషే. వెళ్లిన మూడు రోజులకే నాలుగు తీగవాద్యాలు కలిసి వాయించే ఒక స్ట్రింగ్ క్వార్టెట్ మొదలుపెట్టి, ఇంకో మూడు రోజుల్లో చిత్తుప్రతి ముగించారు. దాన్నే ఇప్పుడు 'అమెరికన్' క్వార్టెట్ అంటున్నారు. "ఎప్పుడూ మీవాళ్లతోనేనా?" అని మన తెలుగు సంఘాలను తప్పుపట్టేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. సొంత భాష చుట్టూ ఉంటే మనిషికి ప్రాణం లేచొస్తుంది. భాష విషయంలో ఆయనకు పట్టుదల కూడా ఎక్కువే. జర్మన్ ప్రచురణకర్త తన పేరును 'ఆంటొన్' అని అచ్చువేస్తే ఒప్పుకోలేదు.

అయితే ఆయన అక్కడితో ఆగలేదు, మనం ఆగిపోయాం. న్యూయార్క్‌లో హ్యారీ బర్లీ అనే నల్లజాతి విద్యార్థిని ఇంటికి పిలిచి, అతను పాడుతుంటే మళ్లీ మళ్లీ విన్నారు. బానిసగా బతికిన తాత దగ్గర బర్లీ నేర్చుకున్న పాటలవి. అమెరికా సంగీతానికి ఈ పాటలే పునాది కావాలని ద్వోర్జాక్ 1893లో పత్రికలో బాహాటంగా చెప్పారు. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. అదే డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఆయన రాసిన 'న్యూ వరల్డ్' సింఫనీ మోగింది. దాని రెండో భాగంలో ఇంగ్లిష్ హార్న్ అనే ఊదే వాద్యం పలికే రాగం వింటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మనం ఉగాది చేసుకునే హాలుకు రెండు వీధుల అవతలే ఒక నల్లజాతివారి చర్చి ఉంది. ఇన్నేళ్లలో వాళ్ల పాట ఒక్కసారైనా విన్నామా? వచ్చే ఉగాదికి ఆ గాయకులను మన వేదిక మీదకు పిలుద్దాం. అంతకంటే ముందు, ఒక ఆదివారం మనమే పిల్లలను తీసుకుని వెళ్లి, వెనక బల్లల మీద కూర్చుని విందాం.